డాబా మీద సినిమా: ఏ ప్రొజెక్టర్ కొనాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎండాకాలం సెలవులకు చిన్నమ్మ, మేనత్త వాళ్ల పిల్లలంతా మా ఇంటికే వస్తారు. రాత్రిపూట డాబా మీద సినిమా చూడడానికి చిన్న ప్రొజెక్టర్ కొందామనుకుంటున్నాం. బడ్జెట్ 15 వేలు. ఆన్‌లైన్‌లో ‘9,000 ల్యూమెన్స్, 4కె, బ్యాటరీతో’ అని ఒకటి 7 వేలకే కనిపిస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. ల్యూమెన్స్ అంటే వెలుగు కొలత. నిజంగా 9,000 ల్యూమెన్స్ ఇచ్చేవి ఆడిటోరియాల్లో బిగించే ప్రొజెక్టర్లు. ఒంటిచేత్తో డాబా ఎక్కించేవి కావు. మీరు చూడాల్సింది ‘ఆన్సీ ల్యూమెన్స్’ లేదా ‘ఐఎస్‌ఓ ల్యూమెన్స్’ అని రాసిన అంకె. తెర మీద పడే వెలుగును పలుచోట్ల కొలిచి లెక్కగట్టేది అదే. ఆ మాట లేకుండా ఉత్త ‘ల్యూమెన్స్’ అని ఉందంటే ఆ అంకె అమ్మేవాళ్ల దయ. ‘4కె సపోర్ట్’ కూడా ఇలాంటిదే. 4కె వీడియో పెడితే ఆడుతుంది, బొమ్మ మాత్రం ప్రొజెక్టర్ సొంత స్థాయిలోనే వస్తుంది. అందుకే ‘నేటివ్ రిజల్యూషన్’ (ప్రొజెక్టర్ నిజంగా చూపగల చుక్కల లెక్క) 1920×1080 అని ఉందో లేదో చూసుకోండి. చవక వాటిలో అది 1280×720, ఒక్కోసారి 854×480 మాత్రమే ఉంటుంది.

మీ అవసరానికి 300 ఆన్సీ సరిపోతుంది, తెర 80 నుంచి 100 అంగుళాలు దాటకపోతే. 100 అంగుళాలంటే ఏడడుగుల పైన వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పది పన్నెండు మందికి చాలు. పిల్లలు 150 చేయమంటారు, వినకండి. బొమ్మ విస్తీర్ణం రెండింతలు దాటుతుంది, అదే వెలుగు అంత మేరా పలచబడుతుంది. ‘త్రో రేషియో’ (బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ను 100 అంగుళాలకు దాదాపు 9 అడుగుల దూరంలో పెట్టాలి. డాబా కొలుచుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఇక బ్యాటరీ. 15 వేలలో మంచి వెలుగు, బ్యాటరీ రెండూ దొరకడం కష్టం. పైగా బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలావాటిలో వెలుగు తగ్గుతుంది, రెండు రెండున్నర గంటలకే అయిపోతుంది. మన సినిమాలు కొన్ని క్లైమాక్స్‌కు వచ్చేదే అప్పుడు! ఉన్నది ఇంటి మీదే కాబట్టి కింది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగండి. ఆ డబ్బు వెలుగు మీద పెట్టండి. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంటే టెన్షన్ లేదు, ఈ చిన్న ప్రొజెక్టర్లు ఫ్యాన్ కంటే పెద్దగా ఎక్కువ తినవు.

వేడి సంగతి మాత్రం పట్టించుకోవాలి. చాలా ప్రొజెక్టర్లకు కంపెనీలు చెప్పే పరిమితి 35 నుంచి 40 డిగ్రీలు. నల్లగొండ జిల్లాలో మే నెల పగలు 44 దాటే రోజులుంటాయి, పొద్దుగూకాక కూడా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది. కింద పెట్టకుండా స్టూలు మీద పెట్టండి, గాలి రంధ్రాలకు ఏదీ అడ్డు రానివ్వద్దు. ఏడున్నర తర్వాతే మొదలుపెట్టండి, అంతకుముందు ఎలాగూ చీకటి చాలదు. దుమ్ము ఎక్కువ కాబట్టి ‘సీల్డ్ ఆప్టికల్ ఇంజిన్’ (బొమ్మ తయారయ్యే లోపలి భాగం దుమ్ము చొరకుండా మూసి ఉండడం) ఉన్నది వెతకండి. లేకపోతే లోపల దుమ్ము చేరి బొమ్మ మీద నల్ల మచ్చలు వస్తాయి.

తెరకు తెల్లగా, నున్నగా ఉన్న పిట్టగోడ గానీ, మెట్ల గది గోడ గానీ ఉంటే ఖర్చే లేదు. దుప్పటి కడితే వెనక నల్లబట్ట వేయండి, వెలుగు అవతలికి పోదు. సౌండ్‌కు లోపలి స్పీకర్‌ను నమ్ముకోవద్దు, ఆరుబయట వినపడదు. ఇంట్లో ఉన్న స్పీకర్‌కు ఆక్స్ వైరు (హెడ్‌ఫోన్ పిన్ను ఉండే వైరు) కలపండి. బ్లూటూత్‌లో ఒక్కోసారి పెదవులు ముందు, మాట వెనక వస్తుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి. ఫోన్ స్క్రీన్‌ను ప్రొజెక్టర్‌కు మిర్రర్ చేస్తే ఓటీటీ యాప్‌లో మాట వినిపిస్తోంది, బొమ్మ నల్లగా ఉంది. ప్రొజెక్టర్ పాడైందా?

లేదు. కాపీ చేయకుండా ఓటీటీ యాప్‌లు బొమ్మను ఆపేస్తాయి. ఆ యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలకూ అంతే. హెచ్‌డీఎంఐ పోర్టులో ఫైర్ టీవీ స్టిక్ లాంటిది పెట్టి, అందులోని యాప్‌లోనే చూడండి. ఫోన్ హాట్‌స్పాట్ వాడితే హెచ్‌డీలో గంటకు 3 జీబీ వరకు పోవచ్చు; రోజుకు 2 జీబీ ప్యాక్ అయితే ఇంటర్వెల్ కూడా రాదు, ఇంటి వైఫై డాబా దాకా అందుతుందేమో ముందు చూసుకోండి.