డ్రాయింగు రివిజన్ ‘సి’కి మారింది, మెషిన్ మీద ‘బి’ నడుస్తోంది

విమాన విడిభాగాల తయారీలో పీఎల్ఎమ్ (ప్రాడక్ట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్, అంటే ఒక్కో పార్టు డ్రాయింగులు, జాబితాలు, మార్పులను ఒకేచోట నిర్వహించే) సాఫ్ట్‌వేర్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు.

ప్రశ్న: ఆదిభట్ల దగ్గర మాది 60 మంది పనిచేసే మెషినింగ్ షాపు. అల్యూమినియం బ్రాకెట్లు, రిబ్బులు చేసి ఇస్తాం. డ్రాయింగులు ఈమెయిల్లో వస్తాయి, లెక్కలన్నీ ఎక్సెల్లోనే. మొన్న డ్రాయింగు రివిజన్ (సవరించిన కూర్పు) ‘బి’ నుంచి ‘సి’కి మారాక కూడా ‘బి’ ప్రకారం 40 ముక్కలు కోసేశాం, అన్నీ స్క్రాపే. పీఎల్ఎమ్ కొంటే ఈ బెడద తీరుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొన్నంత మాత్రాన తీరదండి. కొత్త డ్రాయింగు మీకు అందింది, కానీ దాని వెంట మారాల్సినవి మారలేదు. ఒక్కో పార్టుకు మీ షాపులో కనీసం ఆరు ఉంటాయి: డ్రాయింగు, త్రీడీ మోడల్, సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మెషిన్) ప్రోగ్రామ్, రూట్ కార్డు (పనులు ఏ వరుసలో జరగాలో చెప్పేది), తనిఖీ షీటు, ఫస్ట్ ఆర్టికల్ రిపోర్టు (మొదట చేసిన ముక్కను పూర్తిగా కొలిచి రాసేది). ఆఫీసు కంప్యూటర్లో ‘సి’ ఉన్నా, మెషిన్ కంట్రోలర్ మెమరీలో ‘బి’ ప్రోగ్రామ్ అలాగే ఉంటే ఆపరేటరు స్టార్ట్ నొక్కగానే నడిచేది అదే. ఈ ఆరింటినీ ఒకే పార్టు నంబరుకి, ఒకే రివిజన్‌కి కట్టేయడమే పీఎల్ఎమ్ పని. టీమ్‌సెంటర్, విండ్‌చిల్, త్రీడీఎక్స్‌పీరియన్స్, ఈ పీఎల్ఎమ్ సాఫ్ట్‌వేర్లలో ఏది తీసుకున్నా ఆ ముడి వేయాల్సింది మీరే.

ముందుగా గత రెండేళ్లలో ఆర్డర్లు వచ్చిన పార్టుల జాబితా తీయండి. పాతవన్నీ ఎక్కించే పని పెట్టుకోవద్దు, సగంలో ఆగిపోతారు. ఆ జాబితాలో ఒకే రకానికి చెందిన 20 పార్టులు ఎంచుకుని, ఒక్కోదానికి ఆ ఆరింటి మీదా ఏ రివిజన్ ఉందో పక్కపక్కన రాయండి. తేడాలు అక్కడికక్కడే బయటపడతాయి. అవి సరిచేశాకే ఎక్కించండి. తప్పు సమాచారం లోపలికి వెళితే ‘ఆమోదించినది’ అన్న ముద్రతో బయటికొస్తుంది, ఆపైన దాన్ని ఎవరూ అనుమానించరు.

ఎక్సెల్‌తో జాగ్రత్త. 00417 అనే పార్టు నంబరును అది 417 చేసేస్తుంది. 3-11 అని కొడితే తేదీ అయిపోతుంది. 12ఈ5 అని ఇంగ్లిష్ అక్షరంతో కొడితే పన్నెండు లక్షలుగా మార్చేస్తుంది. కాబట్టి నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను ‘టెక్స్ట్’గా పెట్టండి. సున్నా బదులు ‘ఓ’ అక్షరం, ఒకటి బదులు ‘ఐ’ అక్షరం పడ్డ నంబర్లను కూడా వెతకండి. ఒకే పార్టు రెండు పేర్లతో నమోదు కావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

ఎక్కించిన రోజే పాత షేర్డ్ ఫోల్డరును చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చండి. ప్రింటు తీసిన ప్రతి డ్రాయింగు మీదా ‘ఈ తేదీకే చెల్లుతుంది’ అని పడాలి. ప్రోగ్రామ్ మొదటి వరుసలో రివిజన్ రాయించండి. ఆపరేటరు దాన్ని రూట్ కార్డుతో పోల్చుకున్నాకే మెషిన్ కదలాలి. బ్యాచ్ అయిపోగానే కంట్రోలర్ మెమరీలోంచి ప్రోగ్రామ్ తీసేయాలి. చాలా షాపులు వదిలేసేది సరిగ్గా ఈ చివరి పనినే.

రివిజన్ మారినప్పుడు ఏఎస్9102 (ఫస్ట్ ఆర్టికల్ తనిఖీకి విమాన పరిశ్రమ ప్రమాణం) ప్రకారం మారిన కొలతల వరకు పాక్షిక ఫస్ట్ ఆర్టికల్ చేయాల్సి ఉంటుంది. పీఎల్ఎమ్‌లో ‘సి’ని విడుదల చేసే దారిలోనే దాన్ని ఒక మెట్టుగా పెట్టించండి.

ప్రశ్న: డిజైన్ వాళ్ల విడిభాగాల జాబితా, మా అసెంబ్లీ లైన్ జాబితా ఎప్పుడూ కలవవు. పీఎల్ఎమ్‌లో రెండూ ఎందుకు? ఒకటే ఉంచితే పోదా? (బెంగళూరు నుంచి)

జవాబు: కుదరదు, ఎందుకంటే రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాయి. ఈబామ్ (డిజైన్ వాళ్ల జాబితా) విమానంలో ఏం ఉండాలో చెబుతుంది. ఎంబామ్ (తయారీ జాబితా) ఏ స్టేషన్లో, ఏ వరుసలో, ఏమేం కలపాలో చెబుతుంది. ఉదాహరణకు డిజైన్‌లో ఒక ప్యానెల్ కింద 480 రివెట్లున్నాయనుకోండి. లైన్లో 300 సబ్-అసెంబ్లీ జిగ్ (ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చట్రం) దగ్గర, మిగిలిన 180 ప్యానెల్‌ను ఫ్రేములకు కలిపే స్టేషన్లో పడతాయి. జాబితాల ఆకారం వేరైనా మొత్తం మాత్రం 480 రావాలి. రెండింటినీ పోల్చే రిపోర్టు ప్రతి మార్పు తర్వాతా నడపండి. అది తీసుకోకపోతే పీఎల్ఎమ్ కొన్నదాంట్లో సగం వృథా. షిమ్‌ల (రెండు భాగాల మధ్య ఖాళీని నింపే పలుచని రేకుల) విషయం వేరు. వాటి మందం లైన్లో ఖాళీ కొలిచాకే తేలుతుంది, కాబట్టి ఏ సీరియల్ నంబరు విమానంలో ఎంత మందం పడిందో ఆ విమానం నిజంగా ఎలా తయారైందో చెప్పే రికార్డులో రాసుకోవాలి.

మార్పు వచ్చినప్పుడు ‘41వ విమానం నుంచి’ అని రాసి ఊరుకోకండి. స్టోరులో ఉన్నవి, లైన్లో సగం చేసినవి, సరఫరాదారు దగ్గర ఉన్నవి: ఒక్కోదాన్ని వాడాలా, మళ్లీ చేయాలా, స్క్రాప్ చేయాలా అన్నది ఆ మార్పు ఆర్డరులోనే తేల్చాలి. పాత ముక్క స్థానంలో కొత్త ముక్క ఏ మార్పూ లేకుండా కూర్చుని పనిచేస్తేనే రివిజన్ పెంచండి. అలా కుదరకపోతే కొత్త పార్టు నంబరు ఇవ్వాల్సిందే.

ప్రశ్న: ఎయిర్‌బస్ ఏ380 ఆలస్యానికి సాఫ్ట్‌వేరే కారణమా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: ఒక్క సాఫ్ట్‌వేరే అనలేం, కానీ మూలం అక్కడే ఉంది. ఒక్కో విమానంలో సుమారు 530 కిలోమీటర్ల వైరింగ్. హాంబర్గ్‌లో క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వీ4, టులూజ్‌లో వీ5 వాడారు. రెంటి మధ్యా మోడళ్లు సరిగా కుదరలేదు. హాంబర్గ్‌లో తయారైన వైర్ల కట్టలు తీరా బిగించేటప్పుడు పొట్టిపడ్డాయి. 2006 జూన్‌లో ప్రకటించిన ఆలస్యం అక్టోబరుకల్లా మొత్తం దాదాపు రెండేళ్లకు పెరిగింది. మొదటి విమానం 2007 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు చేరింది. కస్టమర్ ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ వాడుతున్నారో మొదటి సమావేశంలోనే అడిగి రాసుకోండి.

ప్రశ్న: త్రీడీ మోడళ్లను ఎన్నేళ్లు, ఏ రూపంలో దాచాలి? క్లౌడ్‌లో పెట్టవచ్చా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: విమానం 30 ఏళ్లు దాటి ఎగరవచ్చు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ అన్నేళ్లు బతకదు. అసలు ఫైలుతో పాటు స్టెప్ ఏపీ242 (ఏ ఒక్క సాఫ్ట్‌వేర్‌కీ పరిమితం కాని ప్రామాణిక ఫైలు) రూపంలో ఒక ప్రతి దాచండి, అందులో టాలరెన్సులు (కొలతల్లో అనుమతించే తేడాలు) కూడా నిలుస్తాయి. మార్చిన వెంటనే రెండింటిలోనూ ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం, గురుత్వ కేంద్రం పోల్చండి. తేడా ఉంటే ఆ ప్రతిని ఆర్కైవ్‌లోకి పోనివ్వకండి. ఎన్నేళ్లన్నది మీ పర్చేజ్ ఆర్డరులోని నాణ్యతా నిబంధనల్లో ఉంటుంది.

క్లౌడ్ సంగతికొస్తే, అమెరికన్ సైనిక విమానాల డ్రాయింగులకు అక్కడి ఎగుమతి నియంత్రణ చట్టాలు వర్తిస్తాయి. సర్వర్ ఏ దేశంలో ఉంది, నిర్వహణ సిబ్బందిలో ఎవరు ఫైళ్లు తెరవగలరు అన్నవి కస్టమర్‌కు చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే మొదటి ఫైలు ఎక్కించండి.