పాత డెల్ ఆప్టిప్లెక్స్ 7010కి ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది?

మీది ఐ5 3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న ఆప్టిప్లెక్స్ 7010 అన్నారు. జీటీఏ 5 ఆడాలి, 1080పీ వీడియోలు ఎడిట్ చేయాలి, షాపులో మాత్రం 4 జీబీ జీటీ 730 తీసుకోమంటున్నారు అని రాశారు. ఆ 730 మాత్రం దయచేసి కొనకండి. దాని మీద 4 జీబీ అని రాసి ఉన్నా చిప్పు చాలా పాతది, ఆ 4 జీబీ కార్డుల్లో ఎక్కువగా ఉండేది నెమ్మదైన డీడీఆర్3 మెమరీ. ఎన్విడియా ఆ తరం కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు (కొత్త గేముల కోసం కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం 2021లోనే ఆపేసింది.

నేను ఇదే 7010 టవర్ మోడల్‌లో జీటీఎక్స్ 1050 టీఐ వేసుకుని వాడుతున్నాను. మా బావమరిది దగ్గర ఇదే 7010 చిన్న పెట్టె ఉంది, దానికి క్వాడ్రో పీ1000 నేనే బిగించాను. కాబట్టి రెండిటి సంగతీ చెప్పగలను.

ముందు మీ పెట్టె సైజు తేల్చుకోండి, ఏ కార్డనేది దాన్ని బట్టే ఉంటుంది. 7010 అన్న ఒకే పేరుతో వేర్వేరు సైజులు వచ్చాయి. నిలువుగా ఉండే మినీ టవర్‌లో 275 వాట్ల పవర్ సప్లై ఉంటుంది, మామూలు ఎత్తు కార్డు పడుతుంది. సన్నగా ఉండే ఎస్ఎఫ్ఎఫ్‌లో 240 వాట్లు, అందులో లో ప్రొఫైల్ కార్డే, అంటే తక్కువ ఎత్తుండే కార్డే పడుతుంది. అన్నిటికన్నా చిన్నదైన యూఎస్ఎఫ్ఎఫ్ అయితే గ్రాఫిక్స్ కార్డుకు స్లాటే లేదు, అక్కడితో ఆశ వదులుకోవాలి.

ఇక కరెంటు లెక్క. మదర్‌బోర్డు మీద ఉన్న పెద్ద స్లాటు నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుంచి 6 పిన్నుల వైరు రావాలి, మన డెల్‌లో ఆ వైరు ఉండదు. షాపుల్లో డిస్కులకు వెళ్లే సాటా పవర్ వైరును 6 పిన్నులుగా మార్చే కన్వర్టర్ ఇస్తామంటారు. వద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 54 వాట్లకే తట్టుకుంటుంది, 6 పిన్నుల కార్డు 75 వరకూ లాగొచ్చు. ఆ ప్లగ్గు వేడెక్కి కరిగిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. మీ ప్రాసెసర్ 77 వాట్లు, కార్డు 75, మిగతా డిస్కులూ ఫ్యాన్లూ బోర్డూ అన్నీ కలిపినా టవర్‌లో 275 లోపలే సర్దుకుంటుంది. అందుకే స్లాటు కరెంటుతోనే నడిచే కార్డు వెతకండి.

టవర్ అయితే నా ఓటు జీటీఎక్స్ 1650కి, 6 పిన్నుల సాకెట్ లేని మోడల్ దొరికితేనే. ఒకే పేరుతో సాకెట్ ఉన్నవీ లేనివీ రెండూ ఉన్నాయి, కార్డు పై అంచు ఫొటో అడిగి చూసుకోండి. అది దొరక్కపోతే 1050 టీఐ. నా మిషన్‌లో జీటీఏ 5 1080పీలో హై సెట్టింగ్స్‌తో హాయిగా నడుస్తుంది. సిటీ మధ్యలో ట్రాఫిక్ ఎక్కువైనప్పుడు ప్రాసెసర్ నిండిపోయి కాస్త తడబడుతుంది, అక్కడ ఎంత పెద్ద కార్డు వేసినా మారదు. ఒక్క సంగతి: 1050 టీఐ తరానికి 2025 అక్టోబర్‌తో గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ వరకూ ఇస్తామన్నారు. 1650కి ఆ చిక్కు లేదు, ధరలో తేడా తక్కువైతే దానికే వెళ్లండి.

ఎస్ఎఫ్ఎఫ్ అయితే 240 వాట్లతో నేను 50 వాట్ల లోపలే ఉంటాను. క్వాడ్రో పీ1000 47 వాట్లు, టీ600 40 వాట్లు. రెండూ లో ప్రొఫైల్, రెండూ ఒక్క స్లాటు మందమే. చిన్న పెట్టెలో ఈ మందం చాలా ముఖ్యం, పక్కన చోటు లేకపోతే రెండు స్లాట్ల కార్డు కూర్చోదు. కొనేటప్పుడు పొట్టి బ్రాకెట్ కూడా ఇస్తున్నారా అని అడగండి, అది లేకపోతే కార్డు పెట్టెలో బిగించలేరు.

రేడియన్ ఆర్ఎక్స్ 6400 గురించి ఎవరైనా చెప్తారు. 53 వాట్లే, చూడ్డానికి బాగుంటుంది. కానీ అందులో వీడియో ఎన్‌కోడర్ (ఎడిట్ చేసిన వీడియోను త్వరగా కుదించి సేవ్ చేసే భాగం) లేదు, మీ ఎడిటింగ్‌కి అదే కావాలి. పైగా అది స్లాటులోని నాలుగు లేన్లతోనే (డేటా వెళ్లే దారులు) పనిచేస్తుంది కాబట్టి పాత బోర్డుల్లో వేగం ఇంకా తగ్గుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) కావాలి, 7010లో అది లేదు.

సెకండ్ హ్యాండ్ అయితే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ లాంటి చోట కొని అక్కడే నడిపించి చూసుకోవడం మేలు. నా ఫ్రెండ్ ఒకరు ఆన్‌లైన్‌లో కొన్న 1050 టీఐ నకిలీది. పాత కార్డుకు బయోస్ (లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి అమ్మేశారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే ఇలాంటి వాటిని చాలావరకు ఫేక్ అని పేరు ముందే చూపిస్తుంది. అసలైన 1050 టీఐలో 768 కోర్లు ఉండాలి.

బిగించే ముందు డెల్ సైట్ నుంచి కంప్యూటర్‌కు చివరి బయోస్ ఎక్కించండి. పవర్ వైరు తీసేసి, స్లాటు చివర ఉన్న చిన్న లాకును వేలితో వెనక్కి నొక్కి కార్డును నిటారుగా దింపండి, టక్‌మని లాకు పడుతుంది. మళ్లీ తీయాల్సి వస్తే ఆ లాకు కార్డు కింద దాక్కుని కనిపించదు, బలంగా లాగకండి, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో నొక్కండి. బిగించాక మానిటర్ వైరును కార్డుకే పెట్టాలి. వెనక బోర్డులో ఉన్న పాత పోర్టులోనే ఉంచి, డిస్‌ప్లే రావట్లేదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది.

మీ మానిటర్ పాత రకం వీజీఏ వైరుది అయితే ఇంకో ఖర్చు లెక్కేసుకోండి. 1050 టీఐలోనూ 1650లోనూ డీవీఐ ఉన్నా అందులోంచి వీజీఏ సిగ్నల్ రాదు, మామూలు చవక కన్వర్టర్ పనిచేయదు. లోపల చిప్పు ఉండే హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ తీసుకోవాలి. పీ1000లో అయితే మినీ డిస్‌ప్లే పోర్టులే ఉంటాయి. 1050 టీఐ అని అమ్ముతున్న కార్డు మీదే వీజీఏ పోర్టు కనిపిస్తే గట్టిగా అనుమానించండి.