బొద్దు పిల్లల బరువు ఎవరు చూడాలి?

మూడేళ్ల బాబు బాగా బొద్దుగా ఉన్నాడు, ఇది ఇంట్లో వాళ్లు చూసుకోవలసిందేనా, ప్రభుత్వం చేయవలసింది కూడా ఏమైనా ఉందా అని అడిగారు. రెండూ ఉన్నాయి. మొదటిదాని గురించి మీకు అందరూ చెబుతారు కాబట్టి నేను రెండోదాని గురించే ఎక్కువ రాస్తాను. బెంగళూరు మారతహళ్లిలో చిన్న డే కేర్ నడుపుతున్నాను. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. అమ్మానాన్నలు ఆఫీసుల్లో ఉంటే, అమ్మమ్మలూ నానమ్మలూ ఊళ్లనుంచి వంతులవారీగా వచ్చి పిల్లలను చూసుకుంటుంటారు.

మన ప్రజారోగ్య వ్యవస్థ దృష్టంతా మొదటినుంచీ బక్కచిక్కిన పిల్లలమీదే ఉంది. 1975లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం) పుట్టిందే అందుకు. ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు తగిన బరువు లేనివారు 19.3 శాతం, అధిక బరువు ఉన్నవారు 3.4 శాతం. అయితే అంతకుముందు, 2015-16 సర్వేలో ఈ రెండో అంకె 2.1 మాత్రమే. ఇది దేశం మొత్తానికి సగటు. మా వీధిలాంటి చోట్లకు దాన్ని చూసి ధైర్యపడలేం.

మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. అక్కడి టీచరు పిల్లలను కొలవడం చూసి తీరాలి. చెప్పులు విప్పించి, మడమలు వెనక పలకకు ఆనించి, గడ్డం కాస్త సరిచేసి, పైపలకను మెల్లగా తలమీదికి దించుతారు. రెండేళ్లలోపు వాళ్లనైతే పడుకోబెట్టి పొడవు కొలుస్తారు. ఎత్తూ బరువూ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో, పిల్లవాడి ఎత్తుతో పోల్చి చూసిన బరువు మధ్యగీతకు పైనున్న ప్లస్ 2 గీత దాటితే అధిక బరువు, ప్లస్ 3 దాటితే ఊబకాయం. కూలి పనికి వెళ్లే తల్లి బిడ్డకు ఈ కొలత ఉచితంగా అందుతోంది. ఎదుటి అపార్ట్‌మెంటు పిల్లవాడికి అందడం లేదు! ఏడాదిన్నర దాటాక టీకాలు తగ్గిపోతాయి, డాక్టరు దగ్గరికి జ్వరం వస్తేనే వెళ్తారు. ఇక ప్లేస్కూళ్లు ఫీజు తప్ప మరేమీ లెక్కపెట్టవు. బొద్దుగా ఉన్నవాడికి ఇంట్లో దిష్టి తీస్తారు. అప్పుడే ఊరినుంచి దిగిన నానమ్మకు వాడు కూడా చిక్కిపోయినట్టే కనిపిస్తాడు.

ప్రభుత్వం చేయవలసిన మొదటి పని నా దృష్టిలో ఇదే: ప్రైవేటు ప్లేస్కూళ్లూ డే కేర్‌లూ మూడు నెలలకొకసారైనా ఎత్తు, బరువు రెండూ కొలిచి కార్డులో రాయాలని నిబంధన పెట్టడం. దీనికి కావలసింది ఒక కాటా, ఒక ఎత్తుబద్ద. మేము పెట్టుకున్నాం, పెద్ద ఖర్చేమీ కాలేదు.

నిబంధనలు అసలే లేవని కాదు. బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారాలు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే చెప్పింది. ఆ 50 మీటర్లు టేపు పట్టుకుని కొలిచినవాళ్లను మా వైపు నేనింతవరకూ చూడలేదు. 2025 సెప్టెంబరులో బిస్కెట్ల మీదా చాక్లెట్ల మీదా జీఎస్‌టీని 5 శాతానికి తగ్గించారు. ఇంటి బడ్జెట్‌కు మంచిదే కావచ్చు, పసిపిల్లల నోటికి మాత్రం కాదు. ఆట సంగతీ అంతే. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలు ఒళ్లు కదిలించాలని, తెర ముందు గంటకు మించి కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా దగ్గరి పార్కులో పెద్దలు నడిచే బాట చక్కగా ఉంది, పక్కనే ‘బంతి ఆడరాదు’ అన్న బోర్డు కూడా ఉంది.

ప్రచారం చేసేవాళ్లు అమ్మానాన్నలతో పాటు పెద్దవాళ్లతో కూడా మాట్లాడాలి, ఎందుకంటే గిన్నె ఉండేది వాళ్ల చేతిలోనే. మా దగ్గర ఒక నానమ్మ రోజూ పాలలో కలిపే పొడి డబ్బా తెచ్చారు. దానిమీద రాసినన్ని గ్రాముల చక్కెరను ఆవిడ చేతే చెంచాలతో ఖాళీ గ్లాసులో వేయించాను. ఆవిడ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, “ఇంత నేనెప్పుడూ వేయలేదే” అన్నారు. తర్వాత మిగతా అమ్మమ్మలకు ఆవిడే చెప్పారు. నేను చెబితే అంత బాగా వినేవారు కాదు.

మీ బాబు విషయానికొస్తే, ముందు ఎత్తు కొలిపించి పిల్లల డాక్టరుతో ఆ పట్టికలో గుర్తు పెట్టించండి. ప్లస్ 2 దాటినా అన్నం మాన్పించడం, పస్తు ఉంచడం వద్దు. ఈ వయసులో చాలామందికి బరువు తగ్గించనక్కర్లేదు, బరువు పెరగడం కాస్త నెమ్మదిస్తే ఎత్తు దాన్ని అందుకుంటుంది. జ్యూసు ప్యాకెట్లు, పాలలో పొడులు, ఫోను చూపిస్తూ తినిపించడం ఆపండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి.