బేస్‌బాల్ జట్లు మంచి ఆటగాళ్లను ఎందుకు వదులుకుంటాయి?

ప్రశ్న: తెల్లవారుజామున లేచి అమెరికా బేస్‌బాల్ మ్యాచ్‌లు చూస్తుంటాను. సీజన్ ముగియగానే బాగా ఆడినవారిని సైతం జీతాల భారం పేరుతో వదిలేస్తున్నారు. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ ఊరి స్టేడియంలో కొన్ని మ్యాచ్‌లు ఆడిన ఢిల్లీ క్యాపిటల్స్‌తో సహా ప్రతి ఐపీఎల్ జట్టుకూ 2025లో ఆటగాళ్లను అట్టిపెట్టుకోవడానికి, వేలంలో కొనడానికి 120 కోట్ల రూపాయల పరిమితి ఉండేది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అంత గట్టి పరిమితి లేదు, 2025లో జీతాల మొత్తం 24.1 కోట్ల డాలర్లు దాటిన జట్టు అదనపు పన్ను కట్టాలి, అంతే. కనుక పొదుపు చాలావరకు యజమాని ఇష్టమే.

ఆటగాడు సాధారణంగా మొదటి మూడేళ్లు కనీస జీతానికి (2025లో 7.6 లక్షల డాలర్లు) దగ్గరగానే ఆడతాడు. ఆపై మధ్యవర్తిత్వ హక్కు (జీతంపై జట్టుతో ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తుల చేత తేల్పించుకునే హక్కు) వచ్చి జీతం ఏటా పెరుగుతుంది, ఆరేళ్ల సర్వీసు నిండితే నచ్చిన జట్టుకు వెళ్లిపోవచ్చు. అందువల్ల ఆ పెరుగుదల భరించలేమనుకున్న జట్టు, నవంబరులో కొత్త ఒప్పందం ఇవ్వకుండా అతన్ని వదిలేస్తుంది, లేదా కుర్రాళ్ల కోసం మరో జట్టుకు ఇచ్చేస్తుంది. జట్టు తన ప్రధాన ఆటగాళ్లుగా ఉంచుకోగల నలభై మంది జాబితాలో చోటు ఖాళీ కావడం మరో లాభం.

ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టు సంగతే చూడండి. 2022 మార్చిలో ఆ జట్టు తన మంచి ఆటగాడు మ్యాట్ ఓల్సన్‌ను అట్లాంటా జట్టుకు ఇచ్చి నలుగురు యువకులను తీసుకుంది. మర్నాడే అట్లాంటా అతనితో ఎనిమిదేళ్లకు 16.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అదే వారంలో ఓక్లాండ్ మ్యాట్ చాప్‌మన్‌నూ, క్రిస్ బాసిట్‌నూ పంపేసింది. ఆ ఏడాది 162 మ్యాచ్‌లలో 102 ఓడింది. టికెట్ కొని వచ్చిన అభిమానికి ఇది అన్యాయమనే నా అభిప్రాయం.