‘ఫైవ్ కిలోమీటర్స్ ఫార్’ ఎందుకు తప్పు?

ప్రశ్న: ‘ద స్టేషన్ ఈజ్ ఫైవ్ కిలోమీటర్స్ ఫార్’ అని రాస్తే తప్పన్నారు. ‘ఫార్’ అంటే దూరమే కదా? ఫార్దర్, ఫర్దర్‌లలో ఏది వాడాలి?

జవాబు: దూరమే. చిక్కంతా తెలుగులోంచే వచ్చింది. మనం ‘ఐదు కిలోమీటర్ల దూరం’ అంటాం కాబట్టి అంకె పక్కన ‘ఫార్’ పెట్టేస్తాం. ఇంగ్లిష్‌లో కొలత చెప్పాక ‘అవే’ (దూరంలో) అనే మాట రావాలి: ‘ఫైవ్ కిలోమీటర్స్ అవే’. ‘ఫార్’ పక్కన అంకె ఇమడదు.

ఇంకో మెలిక ఉంది. మాటల్లో ‘ఫార్’ ఎక్కువగా ప్రశ్నల్లో, ‘కాదు’ అనే వాక్యాల్లో వినిపిస్తుంది: ‘హౌ ఫార్ ఈజ్ ఇట్?’, ‘ఇట్ ఈజంట్ ఫార్’. ‘చాలా దూరం నడిచాం’ అనాలంటే ‘వియ్ వాక్డ్ ఫార్’ అనడం ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘వియ్ వాక్డ్ ఎ లాంగ్ వే’ అంటే సరి. అయితే ముందు ‘టూ’ (మరీ) గానీ ‘సో’ (అంత) గానీ చేరితే ఇబ్బంది లేదు: ‘వియ్ వాక్డ్ టూ ఫార్’. ‘సో ఫార్’తో మాత్రం జాగ్రత్త, చాలాచోట్ల దానర్థం దూరం కాదు, ‘ఇప్పటిదాకా’.

కొలవగలిగే దూరానికి ఫార్దర్, ఫర్దర్ రెండూ చెల్లుతాయి. ‘అదనపు’ అనే అర్థంలో ఫర్దర్ ఒక్కటే: ‘ఫర్దర్ డీటెయిల్స్’. ఎటూ తేలకపోతే ఫర్దర్ రాసేయండి, తప్పు పట్టేవారు అరుదు.