ఉడుతను చంపిన పిల్లిని మళ్ళీ ఎలా దగ్గరికి తీసుకోను?

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. రాజమండ్రిలో ఉంటాం. మా ఇంట్లో మాంసం వండరు. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి వానలో తడుస్తున్న పిల్లికూనను ఇంటికి తెచ్చింది. పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచాం. నేను రోజూ పొద్దున్నే పెరటి గోడ మీద ఉడుతలకు పల్లీలు పెడతాను. వాటిలో ఒకటి నా చేతిలోంచి తీసుకునేంత మాలిమి అయింది. మూడు వారాల క్రితం పిల్లి దాన్ని పట్టుకుంది. వెంటనే చంపలేదు. వదలడం, మళ్ళీ పట్టడం, పంజాతో తోయడం, ఇలా పావుగంట ఆడుకుంది. చివరికి తినను కూడా లేదు. ఆ కోపంలో చీపురుకట్టతో పిల్లిని గట్టిగా కొట్టాను. అప్పటి నుంచి అది గోడ దిగడం లేదు. ఇంటర్ చదివే మా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. అత్తగారు "ఆ ఉడుత కర్మ" అంటారు. మావారు "ఉడుత కోసం ఇంత ఏడుపా" అంటారు. రాత్రిళ్ళు నిద్ర పట్టక, రేచుకుక్కలు జింకను బతికుండగానే తినే వీడియోలు చూస్తున్నాను. ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు. దేవుడి మీద నమ్మకం పోతోంది. పల్లీలు పెట్టి నేనే దాన్ని చంపానేమో అని కూడా అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, చేతిలోంచి పల్లీ తీసుకున్న ప్రాణి కళ్ళముందే పోతే ఏడుపు రాదా? మూడు వారాలైనా ఆ ఉడుత ఎలా ఉండేది, ఏ వేళకు వచ్చేది అని మీ ఇంట్లో ఒక్కరూ అడిగినట్టు లేదు. ఒకరు కర్మ అన్నారు, ఒకరు ఇంత ఏడుపా అన్నారు. రెండూ మీ నోరు మూయించిన మాటలే. చెప్పుకోవడానికి మనిషి లేకపోతే బాధ రాత్రిపూట ఫోన్‌లోకి వెళ్తుంది. మీరు ఆ వీడియోలు చూడటంలో విచిత్రమేమీ లేదు. ఇంకోసారి చూస్తే ఈసారైనా అర్థమవుతుందేమోనని మనసు మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్తుంది. కానీ ఒకటి చూస్తే ఫోన్ అలాంటివే ఇంకో పది తెచ్చి పెడుతుంది. ఆ వీడియోల దగ్గర "ఆసక్తి లేదు" అన్న బటన్ నొక్కండి. ఒక వారం ఫోన్‌ని రాత్రి హాల్లోనే చార్జింగ్‌కి పెట్టి పడుకోండి.

ఇక మీ పిల్లి చేసిన పని. ఎలుకతో పిల్లి ఆడుకునే ఆట చూసి మనసు చెదిరినవాళ్ళలో చార్లెస్ డార్విన్ ఒకరు. 1860 మేలో అమెరికాలోని ఆసా గ్రే అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో, దయగల, సర్వశక్తిమంతుడైన దేవుడు ఇలాంటివి కావాలని సృష్టించాడంటే తనకు నమ్మబుద్ధి కావడం లేదని బాధపడ్డాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో పిల్లీ ఎలుకా ఒకటి. జీవితమంతా ప్రకృతిని గమనించిన మనిషికే తట్టుకోవడం కష్టమైంది. మీకు కష్టం కావడం బలహీనత కాదు.

మనకు ఆటలా కనిపించేదాన్ని పిల్లి వైపు నుంచి చూడండి. ఉడుతకు గట్టి కాయల్ని కొరికే పళ్ళున్నాయి. అది కరిస్తే పిల్లికి కన్ను పోవచ్చు, గాయం చీము పట్టొచ్చు. అడవిలో ఒక చిన్న గాయం చాలు, వేట ఆగిపోయి ఆకలితో చావడానికి. అందుకే పిల్లి వేటను అలిసిపోయేదాకా తోస్తుంది, వదులుతుంది, మళ్ళీ పడుతుంది. భయం తగ్గాక మెడ వెనక కొరుకుతుంది. మూతి ముందు జానెడు దూరంలో ఉన్నది దానికి సరిగా కనపడదు కూడా, మీసాలతో తడుముకోవాలి. తినకుండా వదిలేసింది కదా అంటారేమో. పిల్లిలో వేటాడే ఉరవడి, ఆకలి రెండు వేర్వేరు. చిన్న చిన్న వేటలతో రోజు గడపాల్సిన జంతువు ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. అందుకని కడుపు నిండినా ముందు కదిలేది కనబడితే దాని కాలు ఆగదు.

మా పాత ఇంట్లో రుబ్బురోలు పక్కన ఒక పిల్లి ఈనింది. కూనలకు కాస్త నడక వచ్చాక అది ప్రాణమున్న ఎలుకను తెచ్చి వాటి ముందు వదిలేది. అది పారిపోబోతే పట్టి తెచ్చి మళ్ళీ వదిలేది. చిన్నప్పుడు నేను చూడలేక లోపలికి పరుగెత్తేదాన్ని. ఎలుకను వదిలిన మరుక్షణం అదే తల్లి కూనల ముఖాలు నాకడం కూడా చూశాను. అప్పుడు ఆ రెండింటినీ ఒకే పిల్లిలో పెట్టి చూడటం నాకు చేతకాలేదు. పెద్దయ్యాకే కుదిరింది.

ఎదుటి ప్రాణికి నొప్పి పుడుతుందని తెలిసి, ఆ నొప్పే కావాలనుకోవడం క్రూరత్వం. మీ పిల్లికి ఉడుత బాధ అన్న ఆలోచనే ఉండి ఉండదు. ఉడుత పడ్డ బాధ నిజం, మీరు చూసింది భ్రమ కాదు. కానీ ఆ బాధ వెనక దుర్మార్గుడు లేడు. మనసుకు ఇదే మింగుడుపడదు. దుర్మార్గుడు ఉంటే కోప్పడవచ్చు. లేకపోతే ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియదు. మీరు దాన్ని చీపురుకట్టలో పెట్టారు.

ఉడుత ఎంత నరకం చూసిందోనని మీరు పదేపదే ఊహించుకుంటున్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఆఫ్రికాలో తిరిగిన డేవిడ్ లివింగ్‌స్టన్ మీద 1844లో సింహం దూకింది. భుజం పట్టి విదిలించి, చేతి ఎముక నుజ్జు చేసింది. బతికి బయటపడ్డాక ఆయన రాసిన విషయం వింతగా ఉంటుంది. మొదటి విదిలింపుతోనే తనకొక మైకం కమ్మిందట. జరుగుతున్నదంతా తెలుస్తూనే ఉంది, నొప్పి లేదు, భయమూ లేదు. పిల్లి నోట మొదటి కుదుపు తిన్న ఎలుకకు కూడా ఇలాగే ఉంటుందేమోనన్నాడు. మన రోడ్ల మీదా చూస్తుంటాం. యాక్సిడెంట్ అయిన మనిషి లేచి చెప్పులు వెతుక్కుంటాడు, కాలు విరిగిందని కాసేపటికి తెలుస్తుంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు నొప్పిని అణిచే రసాయనాలు ఒంట్లోనే విడుదలవుతాయి. ప్రతి ప్రాణికీ ప్రతిసారీ అలా అవుతుందని మీకు మాట ఇవ్వలేను. కానీ మీ ఊహలో సాగుతున్న పావుగంట అంతా ఉడుత అనుభవించి ఉండకపోవచ్చు.

రేచుకుక్కల సంగతీ ఇలాంటిదే. అది మన వీధికుక్కంతే ఉంటుంది. పులిలా గొంతు పట్టి పెద్ద జింకను ఊపిరాడకుండా చేసే బలం దానికి లేదు. గుంపుగా పట్టి అక్కడే తినడం మొదలుపెడతాయి, అందుకే చూడటం అంత కష్టం. అదే గుంపు వేట దగ్గర ముందు పిల్లల్ని తిననిస్తుంది. గూడు దగ్గర ఆగిపోయిన తల్లికీ పిల్లలకూ పొట్టలో మోసుకొచ్చి కక్కి పెడుతుంది. ముప్పై సెకన్ల వీడియోలో ఇది ఉండదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో రేచుకుక్కను క్రూరజంతువని అసహ్యించుకుని, చంపినవాళ్ళకు బహుమతులిచ్చారు. 1972 వన్యప్రాణి చట్టంతో వాటికి రక్షణ వచ్చింది. ఇవాళ అవి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి. చూడలేని మనిషి కోపం ఎంతదూరం వెళ్తుందో మీకు తెలియాలని ఇది చెబుతున్నాను.

దేవుడి గురించి అడిగారు. నేను పండితురాలిని కాను. శిబి చక్రవర్తి కథ మీకు తెలిసే ఉంటుంది. పావురం వచ్చి శరణు అంటే రాజు కాపాడతానన్నాడు. వెనకే వచ్చిన డేగ, ఇది నా ఆహారం, నన్ను పస్తు పెట్టడం ఏ ధర్మం అని అడిగింది. ఆ కథలో డేగను ఎవరూ పాపి అనలేదు. దాని ఆకలి న్యాయమైనదేనని రాజు ఒప్పుకున్నాడు. పావురం మీద జాలినీ వదులుకోలేదు. తొడ కోసి ఇవ్వాల్సి వచ్చిందంటే ఆ రెండింటినీ కలపడం ఎంత కష్టమో మన పెద్దలకు తెలుసు. మీరు ఇప్పుడు అక్కడే నిలబడి ఉన్నారు. అత్తగారితో కర్మ గురించి వాదించకండి. ఆవిడకు అది ఊరట, మీకు కాదు, అంతే.

పల్లీల మాట. మీరు తిండి పెట్టారు, ఉచ్చు వేయలేదు. అయితే రోజూ ఒకే చోట, ఒకే వేళకు ఉడుతలు వస్తే పిల్లి అక్కడ కాపు కాస్తుంది. అది ముందు మీకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. ఒక నెల మానేయండి. ఆ తర్వాత పిల్లి ఎక్కలేని, దాక్కోలేని చోట పెట్టండి.

పాలన్నం విషయంలో మాత్రం మారాలి. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం కావాలి. అది మాంసం, చేపల్లాంటి వాటిలోనే తగినంత దొరుకుతుంది, అన్నంలో ఉండదు. అది లేకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో వండనక్కర్లేదు. క్యాట్ ఫుడ్ ప్యాకెట్ తెచ్చి, పెరట్లో దానికంటూ ఒక గిన్నె పెట్టండి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో పెంపుడు పిల్లుల మీద చేసిన పరిశోధనలో, మాంసం ఎక్కువున్న తిండి పెట్టిన ఇళ్ళకు పిల్లులు తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు దారానికి ఈక కట్టి ఆడించిన ఇళ్ళలో 25 శాతం తగ్గింది. మెడలో గంట కట్టిన పిల్లుల్లో మాత్రం తేడా కనపడలేదు. కాబట్టి గంట మీద నమ్మకం పెట్టుకోకండి. ఆడించే పని మీ అమ్మాయికి అప్పగించండి.

ఆ అమ్మాయి గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. వానలోంచి తను కాపాడి తెచ్చిన ప్రాణిని అమ్మ హంతకుడిలా చూస్తోంది. తనకూ ఉడుత పోయింది, పిల్లీ దూరమైంది, అమ్మ కూడా దూరమైంది. తన గదిలోకి వెళ్ళి, "పిల్లిని కొట్టడం నా తప్పు. ఉడుతను చూసి తట్టుకోలేకపోయాను" అని ఈ రెండు ముక్కలు చెప్పండి. "కానీ అది కూడా..." అని మూడో ముక్క కలపకండి. తను ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి.

మరో రెండు వారాలకు కూడా నిద్ర, తిండి కుదుటపడకపోయినా, ఆ దృశ్యం పగలు కూడా వదలకపోయినా మానసిక వైద్యుల్ని కలవండి. ఇంట్లోంచే మాట్లాడాలంటే టెలి మానస్ ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.

పిల్లిని వెంటనే ఒళ్ళోకి తీసుకోవాలని లేదు. మీ చెయ్యి చూస్తే దానికి ఇప్పటికీ భయమే. సాయంత్రం గిన్నె గోడ కింద పెట్టండి. మొదటి రోజు గోడ మీదే కూర్చుని చూస్తుంది. అక్కడ నిలబడి పిలవకండి, గిన్నె పెట్టి లోపలికి వచ్చేయండి. పొద్దున గిన్నె ఖాళీగా ఉంటే మీ అమ్మాయిని పిలిచి చూపించండి.