బ్యాండుకు పరాయి భాష పేరు

మల్లేశ్వరం, బెంగళూరు.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ బ్యాండుకు 'గిఫ్ట్' అనే స్వీడిష్ మాటను పేరుగా ఖాయం చేయబోతున్నారనీ, ఆ భాషలో దానికి 'పెళ్లయినవారు' అనీ 'విషం' అనీ రెండర్థాలు ఉండడం మీ అందరికీ నచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. ఆలోచనలో పస ఉంది. అయితే ఈ ఊళ్లో చాలాకాలంగా కచేరీల ఏర్పాట్లు చూస్తున్నవాడిగా చెబుతున్నాను, కోరమంగలలో టికెట్టు కొనే శ్రోతకు ఆ రెండర్థాల్లో ఒక్కటీ చేరదు. పుట్టినరోజు కానుకే గుర్తుకొస్తుంది. ఫోనులో మీ పాట కోసం వెతికితే ముందుగా కానుకల దుకాణాలు వరుసకడతాయి. పేరులోని మర్మాన్ని ప్రతి వేదిక మీదా మీరే విప్పి చెప్పుకోవలసి వస్తే ఇక మర్మమేం మిగులుతుంది?

పరాయి మాట వద్దని నేననను. కానీ అది ఎవరి మాటో వాళ్ల చెవితో ఒకసారి వినండి. ఇంగ్లండుకు చెందిన కులా షేకర్ బ్యాండు మన కులశేఖరాళ్వారు పేరే పెట్టుకుంది. తిరుమలలో గర్భాలయం గడపను కులశేఖర పడి అని పిలుచుకునే మనకు ఆ పేరు వినగానే ఆయన రాసిన ముకుందమాల స్తోత్రం గుర్తుకు రావాలి. వాళ్లు విరిచి పలికేసరికి 'కుల' ఒకటి, ఇంగ్లిషు 'షేకర్' ఒకటి విడివిడిగా వినిపిస్తాయి. రేపు మీ పేరు స్వీడన్ మనిషికి ఎలా వినిపిస్తుందో మీకు ముందే తెలిసి ఉండాలి.

బరువైన అర్థాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జర్మనీలోని రామ్‌స్టైన్ వైమానిక స్థావరంలో 1988 ఆగస్టు 28న విమాన విన్యాసాల వేళ ప్రమాదం జరిగి 70 మంది మరణించారు. ఆ పేరుకే ఒక 'ఎం' అదనంగా చేర్చి, ఢీకొట్టే రాయి అనే అర్థం కూడా వచ్చేలా, ఒక బెర్లిన్ బ్యాండు తన పేరుగా పెట్టుకుంది. మనకది గట్టిగా మోగే శబ్దం మాత్రమే, ఆప్తులను పోగొట్టుకున్నవారికి అలా కాదు. మీ మాట వెనుక ఇటువంటిదేదీ లేదని ఆ భాష మాట్లాడేవాళ్లనే అడిగి తేల్చుకోండి, నిఘంటువు చాలదు.

పోస్టరు మీద పేరు ఇంగ్లిషు అక్షరాల్లో పడుతుంది కనుక హ్రస్వదీర్ఘాలు పోతాయి. ఈ ఊరి 'అగం' బ్యాండు పేరుకు తమిళంలో అంతరంగమని అర్థం. వరంగల్ నుంచి వచ్చిన కుర్రవాడు దాన్నే 'ఆగం', అంటే వాళ్ల మాటలో పాడైపోవడం, అని చదివితే అంతా తలకిందులవుతుంది. అందుకే తెలుగు, కన్నడ, తమిళ, హిందీ భాషలవాళ్ల చేత విడివిడిగా పైకి చదివించి, మీరేమీ వివరించకుండా, ఏం స్ఫురించిందో అడగండి.

1960ల్లోనే ఒక బ్రిటిష్ బృందానికి నిర్వాణ అనే పేరు ఉండడంతో, అమెరికా నిర్వాణ బృందం దావాను ఎదుర్కొని కోర్టు బయట రాజీ చేసుకోవలసి వచ్చింది. కాబట్టి ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ జాబితాలో, వినోద సేవలు వచ్చే 41వ తరగతిలో, వెతకండి. కర్ణాటక దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల రుసుము కట్టాలి. ఈ పని పూర్తయ్యేదాకా డ్రమ్ము మీద పేరు రాయించకండి.

ఆశీస్సులతో,
మామయ్య